రంగుకు ముందు పటిక

మార్చి 4, సోమవారం

ఈ పుస్తకం రంగుల కొలతలు రాసుకోవడానికి కొన్నాను. మొదటి నాలుగు పేజీల్లో దేనికి ఎంత పటిక, ఎంత మంజిష్ఠ అని రాసి ఉంది. ఇక్కణ్ణుంచి నా గోల. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో నా దస్తూరీ చదవడం మా ఆయనకు ఒక్కసారీ చేతకాలేదు.

నిన్న ప్రార్థన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, బాప్తిస్మం తీసుకుంటానని చెప్పేశాను. రెండేళ్ళుగా వెనక బెంచీలో కూర్చుని, తలూపి వచ్చేస్తున్నదాన్ని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "నిజంగా మీరేనా అమ్మా?" అన్నారు. ఇరవై నాలుగో తేదీ ఆదివారం, ఊరి బయట ఏట్లో. ఈలోగా బుధవారాలూ ఆదివారాలూ పాఠాలు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, తాగుతున్న టీ ముక్కులోకి పోయేంత నవ్వారు.

"తలమీద చెంబెడు నీళ్ళు పడితేనే వీధంతా వినిపించేలా కేకలు పెడతావు. నిన్ను ఏట్లో ముంచుతారా? ఆ పాస్టరుగారికి ఈత వచ్చా?"

మాట నిజమే. బట్టలకు రంగులేసే షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా మోచేతుల దాకా నీళ్ళలోనే ఉన్నాను. మొహం మీదికి నీళ్ళొస్తే మాత్రం ఊపిరి ఆగిపోతుంది. చిన్నప్పుడు నీళ్ళ తొట్టిలో తలకిందులుగా పడ్డాను. ఆ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు, నా ముక్కు మర్చిపోలేదు.

అయినా సంతోషంగా ఉంది. ఊరికే నవ్వొస్తోంది. ఇవాళ పసుపు కాగు దగ్గర పాట అందుకుంటే, షెడ్డు యజమాని నాకేమైనా అయిందేమోనని వచ్చి చూసి వెళ్ళారు.

మార్చి 6, బుధవారం

మొదటి పాఠం. విద్యార్థులం ఇద్దరమే, నేనూ ఒక బస్సు డ్రైవరూ. మా పాస్టరుగారు పాస్టరు కాకముందు బడిలో చరిత్ర మాస్టారు. ఆ అలవాటు పోలేదు. నల్లబోర్డు తెప్పించారు. డ్రైవరు ఆవులిస్తే నిలబెట్టారు.

మొదటి శతాబ్దాల విశ్వాసుల గురించి చెప్పారు. వాళ్ళు పారే నీళ్ళనే కోరుకునేవారట. అవి దొరక్కపోతే నిలవ నీళ్ళు. అవీ చాలకపోతే తలమీద మూడుసార్లు పోసేవారట. నేను గబుక్కున చెయ్యెత్తాను.

"ఆ మూడో పద్ధతి మనం పెట్టుకోకూడదా అండీ?"

"ఏరు నిండుగా పారుతోంది కదమ్మా," అన్నారు. డ్రైవరు నవ్వాడు. నిలబడే నవ్వాడు.

ఆ తర్వాత చెప్పిన మాటకు మాత్రం ఒళ్ళు పులకరించింది. బాప్తిస్మం అనే మాట గ్రీకు నుంచి వచ్చిందట. అర్థం ముంచడం. దాని మూలధాతువును ఆ రోజుల్లో బట్టలకు రంగువేసేవాళ్ళు కూడా తమ పనికి వాడుకునేవారట.

"అంటే అది మా మాటేనా?" అన్నాను.

"ఓ రకంగా మీ మాటేనమ్మా."

డ్రైవరుకేసి గర్వంగా చూశాను. పాపం, బస్సులవాళ్ళకు గ్రీకులో ఏమీ లేదు.

మార్చి 7, గురువారం

బకెట్లో మొహం పెట్టి పది లెక్కపెట్టాలనుకున్నాను. మూడు దగ్గర లేచిపోయాను. బాత్రూమంతా నీళ్ళు. ఆయన తలుపు కొట్టి, "పైకొచ్చావా?" అని అడిగారు.

మార్చి 10, ఆదివారం

ఆ కాలంలో అడిగిన వెంటనే ముంచేవాళ్ళు కాదట అన్నిచోట్లా. కొన్ని సంఘాల్లో రెండు మూడేళ్ళు నేర్పించి, నడవడి చూసేవాళ్ళట. వాళ్ళను సంఘానికి తీసుకొచ్చినవాళ్ళు ఈ మనిషి ఎలా బతుకుతోందో పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలి. పాస్టరుగారికి ఈ ఏర్పాటు తెగ నచ్చేసింది. మమ్మల్ని కూడా తలా ఒక సాక్షిని తెచ్చుకోమన్నారు.

"పొగిడేవాళ్ళు వద్దు. మీ బతుకు తెలిసినవాళ్ళు కావాలి. వీలైతే మీవల్ల నొచ్చుకున్నవాళ్ళు. ఈ చివరిది చరిత్రలో లేదు, నా సొంత షరతు."

డ్రైవరు తన కండక్టరును తెస్తానన్నాడు. తనవల్ల అతను రోజూ నొచ్చుకుంటాడట. నేను మా ఆయనను అనుకున్నాను. ఆయనా నొచ్చుకున్నవారే, నా వంట విషయంలో.

దారిలో ఎందుకో అక్క గుర్తొచ్చింది. దీనికీ దానికీ సంబంధం లేదు.

మార్చి 11, సోమవారం

బకెట్లో ఐదు.

మార్చి 13, బుధవారం

ఇవాళ పాఠం మారుమనస్సు మీద. నేను ధీమాగా వెళ్ళాను. పశ్చాత్తాపపడటం నాకు బాగా వచ్చు. ఇట్టే ఏడ్చేస్తాను.

పాస్టరుగారు బోర్డు మీద ఒక బాణం గీశారు. దాని కింద, అటుదిక్కుగా తిరిగిన ఇంకో బాణం. "ఏడవడం మంచిదే. కానీ ఏడుస్తూ అదే దారిలో నడిచేవాణ్ణి ఏమంటాం? మారుమనస్సంటే మనసు మళ్ళడం. మనసు మళ్ళితే కాళ్ళు కూడా మళ్ళాలి. ఆ రోజుల్లో బాప్తిస్మం కోసం ఏటికి వచ్చినవాళ్ళు మేమేం చెయ్యాలని అడిగేవాళ్ళు. ఎవరి పనిని బట్టి వాళ్ళకు జవాబు దొరికేది. ఇది లేకుండా నీళ్ళలో దిగితే తడిసి వస్తాం, అంతే."

నా నోట్లోంచి వచ్చేసింది, "పటిక వెయ్యకుండా ముంచినట్టు."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. మంజిష్ఠ ఎరుపు బట్టకు పట్టాలంటే ముందు బట్టను పటిక నీళ్ళలో నానబెట్టాలి. పటికే రంగును పట్టుకుంటుంది. అది లేకపోతే చూడటానికి ఎర్రగానే ఉంటుంది, మొదటి ఉతుకులో వదిలేస్తుంది. ఆయన సంబరపడి బోర్డు మీద 'పటిక' అని పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీశారు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

నేను మాత్రం ఆ మాటను చూస్తూ కూర్చుండిపోయాను.

సరే, రాస్తాను. అక్కంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. నాకు రంగుల పని నేర్పింది తనే. ఇద్దరం ఒకే షెడ్డులో పదిహేనేళ్ళు పక్కపక్కన నిలబడ్డాం. పదకొండేళ్ళ కింద ఒక హోటలుకు ఎర్ర టేబుల్ క్లాతులు వెయ్యాల్సి వచ్చింది. పటిక పని అక్కది, రంగు పని నాది. ఆ రోజు బడి నుంచి అక్క కూతురికి జ్వరమని కబురొచ్చింది. అక్క పరుగెడుతూ నాతో ఒక మాట చెప్పి వెళ్ళింది. నేను మర్చిపోయాను. హోటలువాళ్ళు ఆ బట్టల్ని వంటవాళ్ళ తెల్లకోట్లతో కలిపి ఉతికారు. వంటవాళ్ళందరూ నెల్లాళ్ళు గులాబీ కోట్లలో తిరిగారు.

యజమాని మా ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు. "పటిక నువ్వు చూసుకో అని దీనికి చెప్పాను," అంది అక్క. "నాతో చెప్పలేదే," అన్నాను నేను.

రెండే మాటలు. అక్క పని పోయింది.

ఇది ఎవరైనా మర్చిపోగల పొరపాటే. తర్వాత భయంతో నోరు జారింది. అంతే జరిగింది.

మార్చి 14, గురువారం

ఆదివారం నాడు రాసింది చదివాను. 'దీనికీ దానికీ సంబంధం లేదు' అన్న వాక్యం కొట్టేశాను. మనకు ముంచడమంటే ఇంకో అర్థం కూడా ఉంది. పాస్టరుగారు అది బోర్డు మీద రాయలేదు.

బకెట్లో ఎనిమిది. ఇప్పుడు నీళ్ళంటే పెద్ద భయమేమీ లేదు. అదే చిక్కు. భయమంతా ఇంకోచోట ఉందని తేలిపోయింది.

మార్చి 16, శనివారం

అక్కావాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళాను. వాళ్ళ గుమ్మం కనిపించింది. వెనక్కి వచ్చేశాను. వాన పడేలా ఉంది అనుకున్నాను.

వాన పడలేదు.

మార్చి 17, ఆదివారం

బుధవారం నాడు అబద్ధం రాశాను. నా పుస్తకంలో నాకే అబద్ధం! ఎంత గడుసుదాన్నో చూడు.

పటిక సంగతి నాకు కాగు దగ్గరే తెలిసిపోయింది. బట్ట పైకి తీయగానే రంగు పాలిపోయి కనిపించింది. పదిహేనేళ్ళ చేతులకు ఆ మాత్రం తెలియదా? అక్క చెప్పిన మాట అప్పుడే గుర్తొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలంటే రెండు రోజులు. సాయంత్రానికి బట్టలు వెళ్ళిపోవాలి. ఇంకో నాలుగు గుప్పెళ్ళు మంజిష్ఠ పోసి, ఎర్రగా కనిపించేలా చేసి, ఆరేశాను.

మర్చిపోవడం పొరపాటు. ఆ నాలుగు గుప్పెళ్ళు పొరపాటు కాదు. నాతో చెప్పలేదనడం అసలే కాదు.

రాశాక అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

మార్చి 19, మంగళవారం

సెలవు పెట్టి వెళ్ళాను. అక్క తలుపు తీసి నన్ను చూసి గోడ పట్టుకుంది.

"ఎవరికేమైంది?"

పదకొండేళ్ళ తర్వాత నేను గుమ్మంలో కనిపిస్తే ఇంకేమనుకుంటుంది?

"ఎవరికీ ఏం కాలేదక్కా."

"మరెందుకొచ్చావు?"

కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. మంచినీళ్ళు అడిగాను. రెండు గ్లాసులు తాగాను. ఎండలు ముదిరాయన్నాను, గోడలకు రంగు బాగుందన్నాను. అలా కాసేపు నీళ్ళు నమిలాను. ఈలోగా అక్క రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చింది. మూడోసారి లేస్తుంటే ఏమైనా పొయ్యి మీద ఉందా అని అడిగాను.

"ఏం లేదు. గ్యాసు ఆపానో లేదో అని. తాళం వేస్తే వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చి లాగి చూస్తాను. ఆస్పత్రిలో దుప్పట్లు లెక్కపెట్టే పని నాది. ప్రతి కట్టా మూడుసార్లు లెక్కపెడతాను. నా మతిమరుపు నీకు తెలియంది కాదుగా." నేల చూస్తూ అంది. "ఆ రోజు కూడా అంతే అయ్యుంటుంది. పిల్ల జ్వరం కంగారులో నీతో చెప్పాననుకున్నానేమో, చెప్పలేదేమో. నువ్వు చెప్పలేదన్నావు కదా. నువ్వెందుకు అబద్ధమాడతావు?"

నా తల తీసేసినట్టయింది. నేను తన పని పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్ళూ. తన మీద తనకున్న నమ్మకమే పోగొట్టాను.

"నీకు మతిమరుపు లేదక్కా. నువ్వు చెప్పావు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, పటిక నువ్వు చూసుకో అన్నావు. నేను సరేనక్కా అన్నాను. మర్చిపోయాను. కాగు దగ్గర గుర్తొచ్చింది. అయినా రంగు ఎక్కువేసి కప్పేశాను. యజమాని అడిగితే నువ్వు చెప్పలేదన్నాను."

అక్క నా దగ్గరికి జరిగింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"చెప్పులేసుకుంటూ చెప్పానా?"

"ఎడమకాలి చెప్పు వేసుకుంటూ. కుడిది చేతిలో ఉంది."

అక్క నవ్వడం మొదలెట్టింది. మొదట సన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం లేదు. "చెప్పాను! నేను చెప్పాను!" అని గదిలో అటూ ఇటూ తిరిగింది. ఫోను తీసి కూతురికి కలిపింది. "ఒసే, నేను చెప్పానే! ఆ రోజు నేను చెప్పే వెళ్ళానే! మీ పిన్ని ఒప్పుకుంది. ఇదిగో, నా ఎదురుగానే కూర్చుంది!" ఆ పిల్లకు ఏమర్థమైందో పాపం. తను అప్పుడు జ్వరంతో మూలుగుతోంది.

ఫోను పెట్టేశాక నన్ను చూసింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"తడిగుడ్డతో గొంతు కోశావు కదే. అవున్లే, రంగుల షెడ్డులో తడిగుడ్డలకేం తక్కువ. లే. వెళ్ళు. ఇప్పుడు నీ మొహం చూడలేను."

లేచాను. సిగ్గు లేకుండా మెట్ల మీద నిలబడి అడిగేశాను. ఆదివారం ఏటి దగ్గరికి రమ్మని, నా గురించి ఉన్నదున్నట్టు అందరి ముందూ చెప్పమని. తలుపు ధడాలున మూసుకుంది.

ఇంటికి నడిచే వచ్చాను. రెండు బస్సులు నా ముందు నుంచే వెళ్ళిపోయాయి, ఎక్కాలని తోచలేదు. తిట్లు తిని వస్తున్న మనిషికి ఇంత సంతోషమేమిటో! తను "చెప్పాను" అన్న తీరు చెవుల్లోంచి పోవడం లేదు.

మార్చి 20, బుధవారం

యజమానికి చెప్పాను. "ఆ గులాబీ కోట్లు!" అని నవ్వబోయి ఆగిపోయారు. కిటికీలోంచి ఆరేసిన బట్టలు చూశారు. "ఇంకొక్కసారి అడిగి ఉండాల్సింది నేను," అన్నారు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. "నీ సంగతి ఆమె చెప్పినట్టు చేస్తాను," అన్నారు.

మా ఆయనకూ చెప్పాను. ఈసారి నవ్వలేదు. "వదిన పొయ్యి దగ్గరికి పదిసార్లు వెళ్తుంటే మేమంతా నవ్వేవాళ్ళం," అని, లేచి వాళ్ళన్నయ్యకు ఫోన్ చేశారు. నాతో పొద్దుపోయేదాకా మాట్లాడలేదు. తర్వాత వచ్చి, "బకెట్లో ఎంతదాకా వచ్చింది?" అన్నారు.

పదకొండు.

మార్చి 22, శుక్రవారం

అక్క నుంచి ఏ కబురూ లేదు.

మార్చి 23, శనివారం

మొదటి విశ్వాసులు నీళ్ళలో దిగే ముందు ఉపవాసముండేవారట. నేను కూడా ఉన్నాను. మధ్యాహ్నానికే కళ్ళు తిరిగాయి. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, అక్క రాకపోతే నన్ను ముంచొద్దని చెప్పాను.

"ఎందుకు?"

"ఆవిడ ఒప్పుకుంటేనే కదా నేను మారినట్టు."

"కాదమ్మా. మీరు ఆ ఇంటి వైపు తిరిగారు, నడిచారు, చెప్పారు. అది మీ పని. క్షమించడం, క్షమించకపోవడం ఆవిడ ఇష్టం. దాన్ని కూడా మీ చేతిలోకి తీసుకోకండి."

నిజమే. ఒకసారి ఆవిడ మాటను నా చేతిలోకి తీసుకున్నందుకే ఇదంతా. రాకపోయినా దిగుతాను. కానీ రావాలి. దేవుడా, రావాలి.

మా ఆయన తెల్లచీర తెచ్చారు, రేపు కట్టుకోవడానికి. ఆ కాలంలో నీళ్ళలోంచి లేచాక తెల్లబట్టలు కట్టేవారని నేను అన్నది విన్నారన్నమాట. మడత విప్పగానే అంచు మీద నా వేళ్ళ ఎర్రమరకలు ఐదూ పడ్డాయి. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని పగలబడి నవ్వాం.

మార్చి 24, ఆదివారం

తల ఇంకా ఆరనే లేదు, అప్పుడే రాయడానికి కూర్చున్నాను.

పొద్దున్న ఎనిమిదికి ఏటి దగ్గర నలభైమంది. యజమాని కూడా వచ్చారు. ముందు డ్రైవరు వంతు. కండక్టరు సాక్ష్యం చెప్పాడు. ఈ నెలలో డ్రైవరు ఎవర్నీ తిట్టలేదనీ, ఎద్దును తప్ప అనీ. డ్రైవరు ఒక్క మునకేసి లేచి ఏనుగులా నీళ్ళు చిమ్మాడు.

నా వంతు వచ్చేదాకా రోడ్డువైపే చూస్తున్నాను. అక్క రాలేదు. సరే అనుకుని అందరి ముందూ నిలబడ్డాను. నేను చేసింది చెప్పాను. నాలుగు గుప్పెళ్ళ మంజిష్ఠ సంగతి కూడా చెప్పాను. ఏదీ మింగలేదు. అయ్యాక పాస్టరుగారు, "ఈమె గురించి చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నాను," అని వెనక నుంచి వినిపించింది.

ఆటో ఎప్పుడొచ్చిందో నేను చూడనే లేదు. అక్క, పక్కన కూతురు. అందర్నీ తప్పించుకుంటూ ముందుకొచ్చి, కొంగు నడుముకు దోపి నిలబడింది.

"ఈమెలో మార్పు వచ్చిందంటారా?" అని అడిగారు పాస్టరుగారు.

"ఇదా?" అంది అక్క. నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇది మారిందో లేదో నాకేం తెలుసండీ? పదకొండేళ్ళు అబద్ధం దాచింది, నిజం చెప్పి ఐదు రోజులైంది. నా కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. పోయిందని ఇక్కడ నిలబడి చెబితే అది ఇంకో అబద్ధం. కానీ తనంతట తనే మా ఇంటికొచ్చింది, ఎవరూ లాక్కురాలేదు. రేపట్నుంచి రోజూ వస్తే, చూసి చెబుతాను." పాస్టరుగారి వైపు తిరిగింది. "ఇవాళ్టికి ముంచండి. నన్ను ముంచింది కదా, తననీ ఓసారి మునగనివ్వండి."

ఏటి ఒడ్డంతా గొల్లుమంది. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసేశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. దిగాను. నీళ్ళు నడుం దాకా, చల్లగా, ఒక పక్క నుంచి తోసుకుంటూ పోతున్నాయి. ముక్కు మూసుకుందామనుకున్నాను, మర్చిపోయాను. వెనక్కి వాల్చారు. పైన ఆకాశం, తర్వాత నీళ్ళు, చెవుల్లో ఏటి చప్పుడు. ఏమీ లెక్కపెట్టలేదు. లేచేసరికి ఒడ్డున అందరూ పాడుతున్నారు. నేను పెట్టిన కేక ఏటి అవతలి గట్టుదాకా వినిపించిందట. భయంతో కాదు, హాయి పట్టలేక.

ఒడ్డెక్కగానే అక్క తువ్వాలు లాక్కుని, మాడిన గిన్నె తోమినట్టు నా తల తుడిచింది. చెవులు మండిపోయాయి. నేను కదలకుండా నిలబడ్డాను.

మార్చి 25, సోమవారం

సాయంత్రం ఆరు. షెడ్డు నుంచి వచ్చి, అలసిపోయాను కదా, అక్కావాళ్ళింటికి రేపు వెళ్దామనుకుని కాళ్ళు చాపి ఈ పుస్తకం తెరిచాను. ఫోన్ మోగింది.

"ఏమే, అంతమంది ముందు నేను ఊరికే అన్నాననుకున్నావా? ఇంకా బయల్దేరలేదా?"

వెళ్తున్నాను.